బంతి కిందికెందుకు పోయింది?

“తాతయ్యా, వై పెంచితే బంతి పైకి పోవాలిగా! కిందికి పోతోందేం?” అంటూ నిన్న మా మనవరాలు లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. రేలిబ్‌తో ఆట తయారుచేస్తోంది. రామన్ సాంతమరియా అనే స్పెయిన్ పంతులుగారు తన విద్యార్థుల కోసం 2013లో మొదలుపెట్టిన గ్రాఫిక్స్ లైబ్రరీ అది. లావుపాటి మాన్యువల్ ఉండదు. ఫంక్షన్లన్నీ రాసిన చీట్‌షీటు, బోలెడు ఉదాహరణ ప్రోగ్రాములు, అంతే. “చెప్పే పుస్తకమే లేకపోతే ఎలా?” అని పిల్ల దిగులు.

ఎందుకమ్మా దిగులు? మీ నాయనమ్మ ముగ్గులు ఏ పుస్తకంలో చూసి నేర్చుకుంది? పక్కింటి వాకిట్లో ఆగి చుక్కలు లెక్కపెట్టుకొచ్చి, మనింటి ముందు ఒక చుక్క పెంచి వేసి చూసేది. ఇదీ అంతే. నడుస్తున్న ఉదాహరణ తీసుకో, ఒక్క అంకె మార్చు, నడిపించి చూడు. రెండంకెలు ఒకేసారి మార్చావంటే ఏది ఏం చేసిందో తెలియదు.

హెడర్ ఫైలు తెరిపించాను. డ్రాసర్కిల్ పక్కనే సెంటర్‌ఎక్స్, సెంటర్‌వై, రేడియస్, కలర్ అని వరసగా ఉంది. పిల్ల ఇచ్చింది 400, 225, 50. అంటే ఎడమ అంచు నుంచి 400, పై అంచు నుంచి 225 చుక్కలు లెక్కపెట్టి, అక్కడ కేంద్రం పెట్టి 50 చుక్కల వ్యాసార్థంతో గుండ్రం గీయమని. పైనుంచే ఎందుకు లెక్కంటావా? పాత టీవీ గొట్టంలో ఎలక్ట్రాన్ల పుంజం పై ఎడమ మూల నుంచి బయల్దేరి, మనం పలక మీద రాసినట్టే వరస వెంట వరస కిందికి దిగేది. గొట్టాలు పోయినా ఆ లెక్క పోలేదు; అందుకే వై పెంచితే బంతి కిందికి పోతుంది. కాలేజీ ల్యాబ్‌లో టర్బో సితో మీ నాన్న గీసిన బొమ్మలకూ అదే లెక్క.

ఇక బంతిని కదిలించాం, సెకనుకు 60 బొమ్మలు. “ఈ క్లియర్‌బ్యాక్‌గ్రౌండ్ ఎందుకు?” అంది. తీసేసి చూడమన్నాను. బంతి వెనకాల పొడుగ్గా తోక! పలక తుడవకుండా మళ్లీ మళ్లీ గీస్తే అంతేగా. కానీ ఆ తోక నిలకడగా లేదు, రెపరెపలాడుతోంది. పిల్ల దాన్నే చూస్తూ కాసేపు ఊరుకుంది.

“పలకలు రెండున్నాయా, తాతయ్యా?”

రెండే తల్లీ! ఒకటి మనకు చూపిస్తూ, రెండోదాని మీద చాటుగా గీసి, ఎండ్‌డ్రాయింగ్ అనే ఫంక్షన్ దగ్గర మార్చేస్తుంది. ఒక బంతి దీని మీద, తర్వాతి బంతి దాని మీద.