సూక్ష్మశస్త్రచికిత్సయు ఘనరూపదర్శనమును

ఒక కన్ను మూసికొని సూదిలో దారమెక్కింప బ్రయత్నింపుడు. సూదిబెజ్జము కానవచ్చును, దారపుకొనయు కానవచ్చును. అయినను దారము బెజ్జమునకు ముందో వెనుకనో పోవుచుండును. రెండవ కన్ను తెరచినంతనే పని సుకరమగును. ఇంత చిన్న సంగతిపై నేడు గొప్ప శస్త్రవైద్యమొకటి యాధారపడియున్నదన్నచో చదువరులకు వింతగా దోచవచ్చును. ఆ విషయమునే యిచ్చట సంగ్రహముగా వివరింప దలచితిమి.

మన కన్నులకు నడుమ సుమారు 6 సెంటిమీటర్ల యెడముండుటచే నొకే వస్తువు రెంటికిని గొంచెము భేదముతో గనబడును. ఈ రెండు చిత్రములను మెదడు కలిపికొని లోతును గ్రహించును. 1838వ సంవత్సరమున చార్లెస్ వీట్‌స్టన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు స్టీరియోస్కోపు అను సాధనముతో దీనిని నిరూపించెను.

మూత్రజననాంగముల శస్త్రచికిత్సయందు ఈ లోతు మిగుల నవసరము. సంతానము చాలునని శుక్రవాహికను గత్తిరింపించుకొన్న యొక పురుషునకు దురదృష్టవశమున బిడ్డలు మరణించిరనుకొందము. తెగిన నాళమును మరల గలుపుట యతనికి మిగిలిన యాశలలో నొకటి. ఆ నాళపు వెలుపలి మందము 2 లేక 3 మిల్లీమీటర్లు. లోపలి రంధ్రము సాధారణముగా మిల్లీమీటరులో సగమునకు మించదు. కుట్టుదారము తలవెండ్రుకకంటె సన్నము. సూది వెండ్రుకవాసి లోతు తప్పినచో కుట్టే రంధ్రమును మూసివేయును. ఆశయు దానితోనే మూయబడును.

1921లో స్వీడను దేశమున నైలెన్ అను వైద్యుడు చెవి శస్త్రచికిత్సకు సూక్ష్మదర్శినిని మొదట నుపయోగించెను. అది ఒంటికంటి సాధనము. మరుసటి యేడు హోమ్‌గ్రెన్ రెండుకన్నుల సూక్ష్మదర్శినిని వాడెను. 1970 తరువాత నట్టి సాధనముతో శుక్రవాహికలను గలుపుట ప్రారంభమైనది. కాని వైద్యుడు గంటలతరబడి మెడవంచి కన్నులను గొట్టములకానించి యుండవలెను. చుట్టునున్నవారిలో బెక్కురకు ఆ దృశ్యము దక్కదు.

ఈ కొరతను దీర్చుటకే ఎక్సోస్కోపు ఏర్పడినది. రోగికి పైగా నిలిపిన కెమెరా రెండు కోణములనుండి చిత్రములను దీసి యెదుటి తెరపై జూపును. ప్రత్యేకమైన కండ్లజోడు ధరించినచో కుడిచిత్రము కుడికంటికి, ఎడమచిత్రము ఎడమకంటికి మాత్రమే చేరును. వైద్యుడు తలయెత్తి పనిచేయును. సహాయకులును, విద్యార్థులును అదే లోతును జూతురు.

2000వ సంవత్సరమున అమెరికా ప్రభుత్వామోదమును బొందిన డావిన్సీ యంత్రము మరియొక మార్గము. దాని దర్శినిలో రెండు కటకములు గలవు. వైద్యుడు కొంతదూరమున గూర్చుండి తన చేతులను గదల్చగా, యంత్రహస్తములు ఆ కదలికలను చిన్నవిగా జేసి, వణకును దొలగించి నెరవేర్చును. అయితే ఇట్టి యంత్రములలో బెక్కింటియందు స్పర్శజ్ఞానము చేతికందదు. దారమెంత బిగిసినదో కంటితోనే కనిపెట్టవలెను. చిత్రమున లోతు లేనియెడల నది దుర్ఘటము.

ఇందుచే సమస్తమును యంత్రమే సాధించునని తలపరాదు. ఇవి మిక్కిలి వెలగలవి. పెక్కుచోట్ల నేటికిని సూక్ష్మదర్శినియే వాడుకలో నున్నది. నాళమును గత్తిరించి యెన్ని యేండ్లు గడచిన ఫలము నంత సందేహాస్పదమగును. రోగిపై కుట్టువేయుటకు ముందు వైద్యుడు రబ్బరు తొడుగులపైనను, సన్నని గొట్టములపైనను బహుకాలము అభ్యాసము చేయును. సూదిలో దారమెక్కింప నేర్చుకొనుచున్న మన పాఠశాలలోని చిన్నవారును ఆ అభ్యాసపు మొదటి మెట్టుమీదనే యున్నారు.