పట్టా మీద పేరొకటి, పాఠం చెప్పేది మరొకరు

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ర్యాంకుకు కంప్యూటర్ సైన్స్ సీటు ఎక్కడ దొరుకుతుందో గత ఏడాది చివరి ర్యాంకుల పట్టిక ముందేసుకుని లెక్కలు కట్టే తల్లిదండ్రులు, అక్కడ నాలుగేళ్లపాటు పాఠం చెప్పబోయేది ఎవరన్న సంగతిని మాత్రం అరుదుగానే ఆరా తీస్తారు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాన్ని ఎంచుకునేవారికి ఈ ఆరా మరింత అవసరం.

ముందుగా తేల్చుకోవలసినది క్యాంపస్ కళాశాలకూ అనుబంధ కళాశాలకూ ఉన్న తేడా. 1972లో ఏర్పడి, 2008లో హైదరాబాద్, కాకినాడ, అనంతపురం కేంద్రాలుగా విడిపోయిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయాల, అంటే జేఎన్‌టీయూల పరిధిలో విశ్వవిద్యాలయం స్వయంగా నడిపే కళాశాలలు కొన్నే కాగా, దానికి అనుబంధంగా పనిచేసే ప్రైవేటు కళాశాలలు అంతకు ఎన్నో రెట్లు ఉన్నాయి. అటానమస్, అంటే స్వయంప్రతిపత్తి పొందిన కళాశాల పాఠ్యప్రణాళికను రూపొందించుకుని పరీక్షలు తానే పెట్టుకున్నా, పట్టా ఇచ్చేది మాతృ విశ్వవిద్యాలయమే కాబట్టి ‘జేఎన్‌టీయూ డిగ్రీ’ అన్న మాట అన్నింటికీ చెల్లిపోతుంది. క్యాంపస్‌లోనే సీటు వచ్చినా చరిత్రను చూసి మురిసిపోవడానికి వీల్లేదు. 1929 నాటి ఉస్మానియా ఇంజినీరింగ్ కళాశాలకు, 1946లో మూలాలున్న కాకినాడ, అనంతపురం కళాశాలలకు తొలినాళ్లలో పేరు తెచ్చినవి సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ శాఖలు. ఎంతో తర్వాత వచ్చిన కంప్యూటర్ సైన్స్ శాఖ బలాబలాలను విడిగా తూచవలసిందే.

ఆ తూకంలో అన్నింటికంటే బరువైనది బోధన సిబ్బంది. ఇంజినీరింగ్ డిగ్రీలో 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలన్నది అఖిల భారత సాంకేతిక విద్యామండలి, అంటే ఏఐసీటీఈ నిర్దేశించిన ప్రమాణం. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పదవీ విరమణలకు తగ్గట్టు నియామకాలు జరగక, శాఖలు చాలావరకు కాంట్రాక్టు, గెస్టు అధ్యాపకుల మీదే నడుస్తున్నాయి. వారి శ్రమను తక్కువ చేయనక్కరలేదు గాని, కొలువు ఉంటుందో ఊడుతుందో తెలియని స్థితిలో పరిశోధన పెంపొందదన్నది కాదనలేని నిజం.

గురువు ఉన్న చోటికీ లేని చోటికీ భేదం ప్రయోగశాలలో బయటపడుతుంది. కొన్ని ప్రోగ్రాములు తలా ఒక వనరును పట్టుకుని, రెండోదాని కోసం ఒకదానికొకటి ఎదురుచూస్తూ నిలిచిపోయే స్థితిని డెడ్‌లాక్ అంటారు. ఆ చిక్కు రాకుండా చూసే బ్యాంకర్స్ అల్గారిథమ్‌ను సీనియర్ల రికార్డులోంచి ఎత్తిరాసి సంతకం పెట్టించుకోవడం ఎంతసేపటి పని? అయితే అధ్యాపకుడు అంకెలు మార్చి, వనరు కోసం ఒక ప్రోగ్రాము పెట్టిన ఈ కోరికను మన్నిస్తే వ్యవస్థ సురక్షితంగా ఉంటుందా అని అడిగి, విద్యార్థి చేత కాగితం మీద లెక్క కట్టించి, ఏ వరుసలో పొరపాటు దొర్లిందో పక్కన నిలబడి చూపిస్తే, ఆ విద్యార్థికి ఆపరేటింగ్ సిస్టమ్ పనితీరు జీవితాంతం గుర్తుంటుంది. ఇలాంటి పాఠం జరగని చోటే చివరి ఏడాది ప్రాజెక్టును బజారులో కొనుక్కోవలసిన దుస్థితి దాపురిస్తుంది.

ఒక్కో శాఖలో సీట్లపై ఉన్న పరిమితిని ఏఐసీటీఈ 2024–25 నుంచి సడలించడంతో, పేరున్న ప్రైవేటు కళాశాలలు కంప్యూటర్ సైన్స్ సెక్షన్లను పెంచుకుంటూ పోయాయి. అంతమందికి అంత త్వరగా అధ్యాపకులు దొరకరు. ఏఐ, డేటా సైన్స్ అన్న తోకలు తగిలించుకున్న కోర్సుల్లోనూ డేటా స్ట్రక్చర్స్, నెట్‌వర్క్స్, కంపైలర్లు బలంగా ఉంటేనే పునాది నిలుస్తుంది.

ఉద్యోగాల లెక్కల్లో సగటు వేతనం మోసపుచ్చుతుంది. పదిమందిలో తొమ్మిదిమందికి ఏటా 4 లక్షలు, ఒక్కరికి 44 లక్షలు వస్తే సగటు 8 లక్షలు అవుతుంది. వేతనాలను వరుసగా పేర్చినప్పుడు నడుమ నిలిచే మధ్యగత వేతనం, అంటే మీడియన్, 4 లక్షలే. జాతీయ ర్యాంకింగ్ వ్యవస్థ ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు సంస్థలు సమర్పించే నివేదికల్లో ఈ మధ్యగత అంకె ఉంటుంది గాని, అది అన్ని శాఖలకూ కలిపి ఇచ్చినదని గుర్తుంచుకోవాలి. న్యాక్ గుర్తింపు సంస్థ మొత్తానికి వర్తిస్తుంది కనుక, ఒక్కో కోర్సును పరిశీలించి ఇచ్చే ఎన్‌బీఏ గుర్తింపు కంప్యూటర్ సైన్స్‌కు ఉందో లేదో విడిగా చూసుకోవాలి. క్యాంపస్‌లలోనూ రెగ్యులర్ సీటుకు ఒక ఫీజు, సెల్ఫ్ ఫైనాన్స్ సీటుకు మరో ఫీజు ఉంటాయి కాబట్టి ఆ వివరాన్నీ ముందే కనుక్కోవాలి.

ఇన్ని లోపాలున్నా శాఖలో అర్హులైన అధ్యాపకులు తగినంతమంది ఉన్న పక్షంలో, వందలకొద్దీ సీట్లున్న ప్రైవేటు కళాశాల కంటే ప్రభుత్వ క్యాంపస్‌కే ఓటు వేయడం సబబు. మంచి ర్యాంకులతో వచ్చిన తోటివారి సావాసం, పరిశోధక విద్యార్థుల సాంగత్యం, పెద్ద గ్రంథాలయం అక్కడ దొరుకుతాయి. అంతకుమించి అది ప్రజల సొమ్ముతో నడిచే సంస్థ. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని అని అడిగిన పౌరుడికి అది 30 రోజుల్లో జవాబు చెప్పి తీరాలి. ప్రవేశాల కౌన్సెలింగ్‌లో కళాశాలలను ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టేలోపు ప్రతి తల్లీ తండ్రీ ఒక్కసారి ఆ శాఖ గడప తొక్కి, ఏ సబ్జెక్టు ఎవరు చెబుతున్నారో కనుక్కోవాలి. ఖాళీలు కనిపిస్తే మౌనంగా వెనుదిరగక, వాటిని భర్తీ చేయమని తమ శాసనసభ్యుణ్ణి నిలదీయాలి.