"ఎలా నమ్మావు?"

ప్రేమించిన మనిషికి వేరే ఊళ్లో భార్యా పిల్లలూ ఉన్నారని బయటపడ్డాక, మోసపోయిన మనిషికి ఇంట్లో మొదట ఎదురయ్యే ప్రశ్న దాదాపు ఒకటే: "ఇంత చదువుకున్నావు, ఎలా నమ్మావు?" అడిగేవాళ్ల బాధ నిజమే కావచ్చు. వినేవాళ్లకు మాత్రం అది తీర్పులా వినిపిస్తుంది. అబద్ధమాడినవాడు ఎక్కడో హాయిగా ఉంటాడు, నమ్మిన మనిషి బోనెక్కి సంజాయిషీ చెప్పుకోవాలి. మగవాడు మోసపోతే "మగాడివై ఉండి" అని ఇంకో మాట కలుస్తుంది, అందుకే చాలామంది మగవాళ్లు అసలు నోరే విప్పరు. బయటివాళ్లు నాలుగు రోజులు అడిగి ఊరుకుంటారు. ఆ తర్వాత అదే ప్రశ్న మనల్ని మనమే నెలల తరబడి అడుగుతూ ఉంటాం.

ఆ ప్రశ్నకు జవాబుంది. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

అబద్ధాన్ని పట్టుకోవడంలో మనిషి ఎంత సమర్థుడో తేల్చడానికి ప్రయోగాలు చాలానే జరిగాయి. వాటిలో రెండు వందలకు పైగా పరిశోధనల ఫలితాలను చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు 2006లో కలిపి లెక్కగట్టారు. ఎదుటి మనిషి చెప్పేది నిజమా, అబద్ధమా అన్నది జనం సరిగ్గా పోల్చుకోగలిగింది నూటికి 54 సార్లు. కళ్లు మూసుకుని బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుంది. "మొహం చూస్తే తెలిసిపోతుంది" అని మనం గొప్పగా చెప్పుకునే విద్య విలువ ఆ పైన నాలుగు మార్కులే!

పరాయివాళ్ల సంగతి సరే, రోజూ చూసే మనిషిని పట్టెయ్యలేమా? స్టీవెన్ మెకార్నాక్, మాల్కమ్ పార్క్స్ 1986లో ప్రేమ జంటల మీద చేసిన అధ్యయనంలో వ్యవహారం తిరగబడింది. బంధం చిక్కబడేకొద్దీ "ఇతని గురించి నాకు తెలియనిదేముంది" అనే ధీమా పెరిగింది. ధీమాతో పాటు, అవతలివాళ్లు నిజమే చెబుతున్నారనుకునే మొగ్గూ పెరిగింది. పట్టుకునే శక్తి మాత్రం తగ్గింది. టిమోతీ లెవీన్ అనే పరిశోధకుడు దీన్ని మనిషి పుట్టు స్వభావంగానే చూస్తాడు: బలమైన కారణం కనబడేదాకా విన్నదాన్ని నిజమనుకోవడమే మనసుకు అలవాటు. మనం వినే మాటల్లో అత్యధిక భాగం నిజాలే కాబట్టి ఆ అలవాటు మనకు మేలే చేస్తుంది. భర్త ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చిన ప్రతిసారీ గేటు దగ్గర వాచ్‌మన్‌ని వాకబు చేసే కాపురం కాపురమే కాదు. కాబట్టి నమ్మడం తెలివితక్కువతనం వల్ల జరిగింది కాదు. నమ్మకం అలాగే పని చేస్తుంది, మోసగాడు బతికేది దాని మీదే.

ఇంకో చిక్కు ఉంది. కొన్నిసార్లు కళ్లముందు కనబడుతున్నదాన్ని కూడా చూడలేం. ఓరెగాన్ విశ్వవిద్యాలయంలో పని చేసిన జెన్నిఫర్ ఫ్రైడ్ దీని మీద 1990ల నుంచి రాస్తున్నారు. పెంచే పెద్దల చేతుల్లోనే హింసకు గురైన పిల్లల గురించి ఆమె ఆలోచన మొదలైంది. తిండికీ నీడకీ ఎవరి మీద ఆధారపడతామో ఆ మనిషే ద్రోహం చేస్తే, ఆ సంగతి పూర్తిగా తెలుసుకోవడం కూడా ప్రమాదమే. తెలిస్తే నిలదీయాలి, నిలదీస్తే నీడ పోతుంది. అందుకని మనసు తెలిసీ తెలియనట్టు ఉండిపోతుంది. భార్యాభర్తల మధ్యా ఇదే జరుగుతుందని ఆమె వాదన.

పూర్తిగా తెలిశాక కూడా ఆ నీడ వదల్లేని పరిస్థితి మహారాష్ట్రలో ఒకామెకు వచ్చింది. ఆమె విడాకులు తీసుకున్న మనిషి. మొదటి భార్య వదిలేసి పోయిందని చెప్పి ఒకతను ఆమెను పెళ్లి చేసుకున్నాడు. సుమారు మూడు నెలలకు మొదటి భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అప్పటికే ఈమె గర్భవతి. నోరు మూసుకుని ఉండేటట్టయితే ఉండమన్నాడు, ఆమె ఉంది. "నిజం తెలిశాక కూడా ఎందుకుంది?" అని అడిగేవాళ్లు కడుపులో బిడ్డతో ఆమె ఎక్కడికి వెళ్లాలో కూడా చెప్పాలి. హింస భరించలేక బయటికొచ్చి భరణం అడిగితే, మొదటి పెళ్లి రద్దు కాలేదు కాబట్టి ఈమె తన భార్యే కాదని అతను వాదించాడు. తను దాచిన నిజాన్నే చివరికి తనకు కవచం చేసుకున్నాడన్నమాట. 2013లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. సొంత తప్పును సాకుగా వాడుకుని లాభపడటం కుదరదంది, ఆమెకూ బిడ్డకూ భరణం ఇవ్వాల్సిందేనంది.

మోసం బయటపడ్డాక రాబోయే రోజుల గురించి అందరూ కంగారుపడతారు. దెబ్బ తగిలేది మాత్రం ఎక్కువగా గడిచిపోయిన రోజులకు. కలిసి తిరుపతి వెళ్లినప్పుడు పక్కకెళ్లి మాట్లాడిన ఆ ఫోన్ ఎవరిది? బోనస్ రాలేదన్న సంవత్సరం డబ్బు ఎటు పోయింది? సంతోషంగా గడిచిన ప్రతి రోజునూ మళ్లీ విప్పి చూసుకోవాల్సి వస్తుంది. ఎదుటి మనిషి మీద నమ్మకం పోతే తట్టుకోవచ్చు, తన జ్ఞాపకం మీదా తన అంచనా మీదా నమ్మకం పోతే మనిషి ఏ పనీ చెయ్యలేని స్థితికి వస్తుంది.

నన్నయ భారతంలో శకుంతల జ్ఞాపకానికీ ఇలాంటి పరీక్షే ఎదురైంది. మనలో చాలామందికి తెలిసిన కథలో దుర్వాసుడి శాపం, పోయిన ఉంగరం ఉంటాయి. అవి కాళిదాసు చేర్చినవి, పాపం రాజు నిజంగానే మరిచిపోయాడనిపించడానికి. భారత కథలో శాపమూ లేదు, ఉంగరమూ లేదు. కొడుకును వెంటబెట్టుకుని నిండు సభలోకి వచ్చిన శకుంతలను దుష్యంతుడు అన్నీ తెలిసే ఎరగనన్నాడు. ఆమె చేతిలో రుజువన్నది లేదు, తన జ్ఞాపకం తప్ప. ఆ సభలో ఆమె వాదించిన తీరు తెలుగువాళ్లకు కొత్త కాదు. అయితే చివరికి అంత వాదనా చెయ్యలేని పని ఒక్క ఆకాశవాణి మాట చేసింది: ఈమె చెప్పేది నిజం. లోకం నిందిస్తుందని భయపడ్డానని రాజు అప్పుడు ఒప్పుకున్నాడు.

కోలుకోవడం చాలాసార్లు అక్కడే మొదలవుతుంది, బయటి మనిషి ఒకరు "అవును, నువ్వు చెప్పినట్టే జరిగింది" అనడంతో. అది అక్కో, స్నేహితుడో, లాయరో, కౌన్సెలరో ఎవరైనా కావచ్చు. ఎవరూ లేకపోతే కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416 ఉంది, ఉచితంగా తెలుగులోనూ మాట్లాడతారు. పెద్దమనుషుల్లో పెట్టి రాజీ చేసే పంచాయితీ దీనికి పనికిరాదు, అక్కడ నిజం కంటే పరువు ఖరీదెక్కువ.

మొదటి వారాల్లో మనసు కంటే ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఉమ్మడి ఖాతాలు, మీ పేరు మీద తీసుకున్న అప్పులు, కాగితాలు, సందేశాల కాపీలు భద్రపరచుకోవాలి. ఎవరూ నోరెత్తి చెప్పనిది ఇంకోటి: లైంగిక వ్యాధుల పరీక్ష చేయించుకోవాలి. హెచ్ఐవీ పరీక్ష ప్రభుత్వాసుపత్రి కేంద్రాల్లో ఉచితం. చట్టం విషయానికొస్తే, మొదటి పెళ్లి దాచి రెండో పెళ్లి చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద పదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. నెరవేర్చే ఉద్దేశం లేకుండా పెళ్లి మాటిచ్చి లొంగదీసుకోవడం 69వ సెక్షన్ కింద నేరం. మొదట నిజాయితీగానే అనుకుని తర్వాత మాట తప్పడం మాత్రం దీని కిందికి రాదు. హిందూ వివాహ చట్టం కింద మోసంతో జరిగిన పెళ్లిని రద్దు చేయమని అడగాలంటే, మోసం తెలిసిన ఏడాదిలోపే కోర్టుకు వెళ్లాలి. పెళ్లి చెల్లకపోయినా పిల్లలు ఆ చట్టం దృష్టిలో సక్రమ సంతానమే. ఏడాది గడువు సంగతి తెలియక ఇంట్లో ఏడుస్తూ కూర్చునేవాళ్లే ఎక్కువ.

ఛాతీ బరువెక్కడం, తిండి సయించకపోవడం నటన కాదు. ఎతన్ క్రాస్ బృందం 2011లో, తాము కోరుకోకుండా ప్రేమ తెగిపోయిన నలభై మందికి పాత మనిషి ఫొటో చూపిస్తూ మెదడును స్కాన్ చేసింది. చేతికి వేడి తగిలినప్పుడు స్పందించే భాగాలు అప్పుడూ స్పందించాయి. కాబట్టి అర్ధరాత్రి లేచి అతని స్టేటస్ చూడటమంటే కాలిన చోటే మళ్లీ వాత పెట్టుకోవడం. నంబరు బ్లాక్ చేస్తే చులకనవుతామనుకోనక్కర్లేదు.

రాసుకోవడం కొందరికి పనికొస్తుంది. జేమ్స్ పెన్నెబేకర్ 1986లో విద్యార్థులను నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు తమ జీవితంలో గాయపడిన ఘటన గురించి రాయమన్నాడు. జరిగిందీ, దాని గురించి తమకేమనిపించిందీ రెండూ కలిపి రాసినవాళ్లు అప్పటికప్పుడు మరింత దిగులుపడ్డారు. ఆ తర్వాతి నెలల్లో మాత్రం వాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. మోసపోయినవాళ్లకు ఇందులో అదనపు లాభం ఉందని నా అభిప్రాయం. తేదీల వారీగా ఏది తెలిసింది, ఏది దాచబడింది అని రాసుకుంటే, ఆ రోజున తన దగ్గర ఉన్న సమాచారంతో తను తీసుకున్న నిర్ణయం సబబైనదేనని చాలా చోట్ల తేలుతుంది.

క్షమించాలా? వీడియోల్లో అందరూ క్షమించమనే చెబుతారు, అదీ వారం తిరక్కుండా. క్షమించకుండానే కోలుకోవచ్చు. కలిసి ఉండాలని నిర్ణయించుకున్నవాళ్లూ ఉంటారు. అది వాళ్ల ఇష్టం, కాకపోతే అక్కడ భారం మోయాల్సింది మోసం చేసిన మనిషి. అడిగినదానికి విసుక్కోకుండా జవాబివ్వడం, డబ్బు లెక్కలు తెరిచి పెట్టడం నెలల తరబడి చెయ్యాలి. "ఇంకా ఎన్నాళ్లు తవ్వుతావు" అని అతనే కసురుకుంటే ఆ కాపురం ఇంకా పాత దారిలోనే నడుస్తున్నట్టు.

ఇంట్లోవాళ్లు వేరే సంబంధం చూడటానికి తొందరపడతారు. ఆ తొందర వాళ్ల గుబులు తగ్గించుకోవడానికి, పెరిగిపోతున్న వయసు లెక్కల కోసం. సిద్ధపడ్డాకే చూడమని చెప్పండి. చూసినప్పుడు, ఎదుటివారు విడాకులైన మనిషైతే కోర్టు డిక్రీ సర్టిఫైడ్ కాపీ అడగండి, ఉద్యోగం చేసే చోట ఒకసారి వాకబు చెయ్యండి, మీ కాగితాలు కూడా చూపించండి. నిశ్చితార్థానికి ముందు ఈ పని చేస్తే అవతలివాళ్లు కాసేపు మొహం ముడుచుకుంటారు, అంతే.