నిశ్చయాపేక్ష

గౌతముని న్యాయసూత్రములు పేర్కొన్న 16 పదార్థములలో సంశయము మూడవది, నిర్ణయము తొమ్మిదవది. నడుమ దృష్టాంతము, తర్కము మున్నగునవి గలవు. ఆపదలోనున్నవాడు ఈ దూరమునకు ఓర్వలేడు. చేజిక్కిన తొలి సమాధానమును పట్టి, విడువక బిగించుకొనునని మనస్తత్త్వవేత్త క్రుగ్లాన్‌స్కీ వివరించినాడు.

2021 మే మాసమున నెల్లూరు తీరమందలి కృష్ణపట్నమున కాననైనది ఇదియే. కరోనా రెండవ విజృంభణమున ఆసుపత్రులలో మంచములు, ప్రాణవాయువు కొరవడగా, ఆనందయ్య మందునకై జనులు వేలుగా తరలివచ్చిరి. మే 31న ప్రభుత్వము కంటిచుక్కలను నిలిపి, కొన్ని మందులను అనుమతించుచు, వానివలన హాని లేదనియు, రోగము నయమగుననుటకు ఆధారము లేదనియు తెలిపినది. పలువురి చెవికెక్కినది మొదటి మాటయే. హాని లేదనుట గుణమిచ్చుననుటగా మారినది. దీనిని పామరత్వమని త్రోసివేయరాదు. పరీక్షాఫలితములు రాకమునుపే అంతయు మోసమని తేల్చిన విద్యావంతులును లేకపోలేదు.