పార్లమెంటులో మాట విలువ



ఎన్నికలు వచ్చాయంటే ఏ పార్టీ, ఏ గుర్తు అని అడుగుతాం. గెలిచిన మనిషి ఢిల్లీ వెళ్లి అయిదేళ్లూ ఏం చేస్తాడని మాత్రం అడగం. కూరల బండి దగ్గర పది రూపాయలకు పది మాటలాడే మనం, ఓటు దగ్గర ఒక్క మాటైనా అడగకపోతే ఎలాగమ్మా?

నల్లమల అంచున, నాగర్‌కర్నూల్ జిల్లాలో బల్మూరు ఉంది. ఆ ఊరి ఇల్లాలు అచ్చంపేట శాసనసభ్యుణ్ణి ఎన్నుకోవడానికి ఒక ఓటు, నాగర్‌కర్నూల్ లోక్‌సభ సభ్యుణ్ణి ఎన్నుకోవడానికి ఒక ఓటు వేస్తుంది. ఇదే లోక్‌సభ స్థానంలో ఇప్పుడు కల్వకుర్తి కూడా ఉంది. ఆ కల్వకుర్తి నుంచి మొదలుపెట్టి దేశమంతా పేరు తెచ్చుకున్న మనిషి సూదిని జైపాల్ రెడ్డి గారు.

ఆయన 1942 జనవరి 16న పుట్టారు. ఏడాదిన్నర వయసులోనే పోలియో సోకింది. చంకకర్రలు లేకుండా నడవలేని స్థితి. ఆ రోజుల్లో పోలియో చుక్కలు లేవు. మన దేశాన్ని పోలియో లేని దేశంగా ప్రకటించింది 2014లో. అంత కష్టంలోనూ ఆ పిల్లవాడి చదువు ఆగలేదు. ఉస్మానియాలో ఇంగ్లీషు ఎం.ఏ. చేశారు. కాళ్లు సహకరించని మనిషికి పుస్తకమూ, మాటా బలమయ్యాయి.

1969 నుంచి 1984 దాకా నాలుగు సార్లు కల్వకుర్తి శాసనసభ్యుడుగా ఉన్నారు. కాంగ్రెస్‌లో ఉంటూనే ఎమర్జెన్సీని వ్యతిరేకించి, 1977లో ఆ పార్టీని వదిలారు. 1980లో మెదక్‌లో సాక్షాత్తూ ఇందిరా గాంధీ మీదే పోటీ చేసి ఓడిపోయారు. ఓటమితో ఇంట్లో కూర్చోలేదు. 1984లో మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు వెళ్లారు. మొత్తం అయిదు సార్లు లోక్‌సభ సభ్యులయ్యారు: మహబూబ్‌నగర్ నుంచి రెండుసార్లు, మిర్యాలగూడ నుంచి రెండుసార్లు, చేవెళ్ల నుంచి ఒకసారి. మధ్యలో రెండుసార్లు రాజ్యసభలోనూ ఉన్నారు.

ఈ రెండు సభలకూ తేడా ఏమిటంటారా? లోక్‌సభకు మనమే నేరుగా ఓటు వేస్తాం. రాజ్యసభకు వేసేది మన శాసనసభ్యులు. అక్కడ పదవీకాలం ఆరేళ్లు. 1991-92లో జైపాల్ రెడ్డి గారు రాజ్యసభలో ప్రతిపక్ష నాయకుడు. 1998లో ఆయనకు ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం వచ్చింది. సభలో చర్చ ఎంత నిండుగా చేస్తారన్నది చూసి ఇచ్చే గౌరవం అది.

1999లో ఆయన తిరిగి కాంగ్రెస్‌లో చేరారు. పార్టీలు మారారని కొందరు విమర్శించారు. ఆ మాట అనే హక్కు ఓటరుకు ఎప్పుడూ ఉంది. అయితే మారినప్పుడు కారణం చెప్పారా లేదా అన్నది కూడా చూడాలి కదా. ఎమర్జెన్సీ నాడు ఆయన వదిలింది అధికారంలో ఉన్న పార్టీని.

ఇక మన రేడియో సంగతి. ఆకాశవాణి, దూరదర్శన్‌లు ప్రభుత్వ శాఖ చేతిలో కాక స్వయంప్రతిపత్తి గల సంస్థ కింద ఉండాలని 1990లోనే ప్రసార భారతి చట్టం చేశారు. అది ఏడేళ్లు కాగితం మీదే ఉండిపోయింది. 1997లో గుజ్రాల్ మంత్రివర్గంలో జైపాల్ రెడ్డి గారు సమాచార, ప్రసార శాఖ మంత్రిగా ఉన్నప్పుడు అమల్లోకి వచ్చింది. చట్టం చేయడం ఒక ఎత్తు, దాన్ని నడిపించడం మరో ఎత్తు.

వంటింటి మాట కూడా చెప్పుకుందాం. 2011లో ఆయన పెట్రోలియం మంత్రి అయ్యారు. 2012 సెప్టెంబరులో కేంద్రం ఏడాదికి ఆరు సిలిండర్లకే రాయితీ అన్నది. నెలకొక సిలిండరు ఖర్చయ్యే ఇంట్లో ఇల్లాలికి ఎంత కోపం వచ్చి ఉంటుందో చెప్పనక్కర్లేదు. బయటి దేశాల నుంచి కొనే చమురు ధర పెరిగి, రాయితీ భారం మోయలేకపోతున్నామని సర్కారు చెప్పింది. ఆ గోలకు 2013లో ఆరు కాస్తా తొమ్మిది, 2014లో పన్నెండు అయింది. అంటే మన అసంతృప్తి ఢిల్లీ దాకా వినిపిస్తుందన్నమాట! అదే 2012లో, కృష్ణా-గోదావరి గ్యాస్ మీద రిలయన్స్‌తో ఆయన శాఖకు వివాదం నడుస్తుండగా, అక్టోబరులో ఆయన్ను సైన్స్ శాఖకు మార్చారు. ఆ వివాదమే కారణమని ప్రతిపక్షాలు విమర్శించాయి.

2014లో మహబూబ్‌నగర్‌లో ఓడిపోయారు. అయినా చదువు మానలేదు. 2018లో 'టెన్ ఐడియాలజీస్' అనే పుస్తకం వెలువరించారు. 2019 జూలై 28న హైదరాబాదులో కన్నుమూశారు.

ఆయన చేసినవన్నీ మనకు నచ్చాలని లేదు. కానీ ఒక సభ్యుణ్ణి ఎలా కొలవాలో ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది. సభకు వెళ్లాడా? ప్రశ్న అడిగాడా? మన మీద భారం వేసినప్పుడు కారణం చెప్పాడా? సభలో ఎవరేం మాట్లాడారో అంతా నమోదవుతుంది, ఎవరైనా చూడొచ్చు. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే ఈ ఆదివారం మీ సభ్యుడు ఏమేం అడిగాడో వెతికి చూపించమనండి. ఈసారి ఓటు అడగడానికి గుమ్మంలోకి వచ్చినప్పుడు, కుంకుమ భరిణ పుచ్చుకునే ముందు ఆ మూడు ప్రశ్నలూ వేయండి.