పిల్లల తలలలో పేలు

నేడు ప్రస్తావింపబోవు విషయము నువ్వుగింజంతటి ప్రాణిని గూర్చినది. పేనుకు పెత్తనమిచ్చిన తలయెల్ల కొరికినదని మనవారు సామెత చెప్పుదురు. అయినను ఇంటిలోని పిల్ల తల గోకికొనుచుండగా మనము నవ్వి యూరకుందుము. లేదా కోపించి కొట్టుదుము. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో తల్లి బీడీలు చుట్టుచు, తండ్రి మరమగ్గము కడనో, గల్ఫు దేశములలోనో పాటుపడుచుండ, పిల్లల పెంపకము తాతల చేతను, అవ్వల చేతను జరుగుచున్న యిండ్లు అనేకములు. కావుననే ఈ మాట మీతో చెప్పవలసియున్నది.

మన ప్రాచీనులు ఈ ప్రాణిని బాగుగనే యెరుగుదురు. చరకసంహితయందలి విమానస్థానములో క్రిములను వర్గములుగా విభజించునపుడు, శరీరముపై మలిన్యమువలన కలుగువానిలో యూకమును పేర్కొనినారు. యూకమనగా పేను. నేటి శాస్త్రజ్ఞులు మనుష్యుని పట్టు పేలలో దుస్తుల మడతలలో నివసించు ఒంటిపేనును, వెండ్రుకలలో నివసించు తలపేనును వేరుగా చూచుచున్నారు. ఉతుకని బట్టలవలన వృద్ధిపొందునది ఒంటిపేను. టైఫస్ అను ప్రాణాంతకమగు జ్వరమును అదియే మోయునని ఫ్రెంచి వైద్యుడు షార్ల్ నికోల్ 1909వ సంవత్సరమున ట్యూనిస్ నగరమునందు కనుగొని, అందులకై 1928లో నోబెల్ బహుమానమును పొందెను. తలపేను అట్టి రోగములను వ్యాపింపజేయదు. అంతేకాదు, అది మురికి తలను, శుభ్రమైన తలను సమానముగనే చేరును. దానికి కావలసినది వెచ్చని చర్మము, పట్టుకొనుటకొక వెండ్రుక, అంతియే.

ఈ భేదమును తెలిసికొనుట వలన గొప్ప మేలు కలదు. పేలు పట్టిన పిల్ల అశుభ్రురాలనియు, ఆ తల్లి సోమరియనియు నిందించుటకు ఆధారము లేదు. నింద యున్నచోట జనులు విషయమును దాచుదురు. దాచినచోట పేలు నిశ్చింతగా పెరుగును.

పేనుకు రెక్కలు లేవు. అది ఎగురజాలదు, దుముకజాలదు. ప్రాకి మాత్రమే పోగలదు. కావున తలకు తల తగిలినప్పుడే ముఖ్యముగా అంటుకొనును. ఒకే చాపపై పండుకొను అక్కచెల్లెండ్రు, వసతిగృహములో ప్రక్కప్రక్కన నిద్రించు బాలికలు, ఒకే పుస్తకముపై వంగి చదువుకొను స్నేహితురాండ్రు దీనికి సులభముగా చిక్కుదురు. తలను విడిచిన పేను రెండు దినములకు మించి బ్రతుకుట అరుదు. ఇల్లంతయు మందు చల్లవలసిన పనిలేదు.

ఇక దాని ఆయుర్గణితమును వినుడు. చికిత్స యంతయు దానిపైననే యాధారపడియున్నది. ఆడపేను దినమునకు 8 గ్రుడ్ల వరకు పెట్టును. ఈ గ్రుడ్డునే ఈరు అందుము. అది వెండ్రుక మొదట జిగురుతో అంటియుండును; చుండువలె దులిపిన రాలదు. సుమారు 7 మొదలు 10 దినములలో పిల్ల వెలువడును. ఆ పిల్ల పెరిగి గ్రుడ్లు పెట్టుటకు మరి 9 మొదలు 12 దినములు పట్టును. పేను బ్రతుకు మొత్తము నెల దినములు. తొలిసారి పట్టినపుడు దురద పుట్టుటకే నాలుగారు వారములు పట్టవచ్చును. అనగా మనము కనుగొనునప్పటికే అది ఎంతో కాలముగా ఆ తలలో కాపురమున్నదన్నమాట.

చికిత్సకు ప్రథమాంగము దువ్వెన. ఇంటివారందరి తలలను ఒకే దినమున పరీక్షింపవలెను. ఒకరిని విడిచిన శ్రమయంతయు వ్యర్థము. తలను తడిపి, కొబ్బరినూనె గాని సబ్బునురుగు గాని పట్టించి, జుట్టును పాయలుగా విడదీసి, సన్నని పండ్లుగల పేల దువ్వెనతో చర్మము మొదలుకొని కొసవరకు దువ్వవలెను. దువ్విన ప్రతిసారియు తెల్లని గుడ్డపై తుడిచి చూడవలెను. 1వ, 5వ, 9వ, 13వ దినములలో ఇట్లు చేసినచో, గ్రుడ్లనుండి క్రొత్తగా వెలువడిన పిల్లలు తిరిగి గ్రుడ్లు పెట్టకమునుపే పట్టుపడును. మన స్త్రీలు అరుగులపై ఒకరి వెనుక నొకరు కూర్చుండి తలలు చూచుకొను ఆచారము ఇందులకెంతయు అనుకూలము.

దువ్వెనతో తీరనిచో ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునందలి వైద్యుని గాని, మీ ఊరి ఆశా కార్యకర్తను గాని అడుగుడు. నూటికి 1 వంతు పెర్మెత్రిన్ గల మందును తలంటి తుడిచిన జుట్టునకు పట్టించి, 10 నిమిషములకు కడుగుదురు. ఈ మందు గ్రుడ్లను చంపజాలదు. అందుచే 9వ దినమున మరల వాడవలెను. రెండు నెలలు నిండని శిశువులకు దీనిని వాడరాదు.

చేయరానివి కొన్ని కలవు. వీనిని మీరు తప్పక నలుగురికి చెప్పవలెను. కిరోసిన్ పూసిన తలకు పొయ్యి నిప్పురవ్వ చాలును. పిల్ల ప్రాణమే పోవును. ప్రత్తికిని వరికిని చల్లు పురుగుమందులు తలచర్మముగుండా రక్తములోనికి ప్రవేశించి విషమగును. వానిని పిల్లల తలకు ఒక్క చుక్కయైనను తాకనీయరాదు. మన గుట్టలలో సీతాఫలములు విస్తారము. గింజలు నూరి తలకు పట్టించుట పాతకాలపు వాడుక. ఆ గింజలకు పేలను చంపు గుణము కలదు గాని, ఆ పొడి కంటబడినచో నల్లగ్రుడ్డుపై పొర పుండుపడునని నేత్రవైద్యులు హెచ్చరించుచున్నారు. పొరపాటున పడినచో వెంటనే మంచినీటితో చాలసేపు కడిగి వైద్యుని యొద్దకు పోవలెను.

వేములవాడ రాజన్నకు మ్రొక్కుబడిగా తలనీలాలర్పించుట భక్తి. పేలు పట్టినవను కోపముతో ఎదుగుచున్న బాలిక తల గొరిగించుట శిక్ష. బడిలో నవ్వులపాలైన బాలిక మరల బడి గడప త్రొక్కుటకు వెనుకాడును. ఆమె చదువు అక్కడితో ఆగిపోవచ్చును. పేల నిమిత్తము పిల్లను బడి మాన్పింపనక్కరలేదని అమెరికాదేశపు శిశువైద్యుల సంఘమువారు సైతము చెప్పుచున్నారు. వారముల నాడే పట్టిన పేలకు నేడు ఇంటికి పంపుటచే ప్రయోజనమేమి?

నివారణోపాయములు సులభములు. ఆడపిల్లల జుట్టును జడగా బిగించి అల్లవలెను. దువ్వెన, తువ్వాలు, రిబ్బను ఎవరివి వారికుండవలెను. దువ్వెనలను చేయి పెట్టజాలనంత వేడినీటిలో 10 నిమిషములుంచవలెను. దిండుగలీబులను వేడినీట ఉతికి ఎండవేయవలెను. గోకుటచే పుండ్లుపడి చీము పట్టినచో వైద్యునికి చూపవలెను. అన్నింటికి మించి, వారమునకొకసారి, ఆదివారము నాడు, ఇంటిలోని ప్రతి పిల్ల తలను చూచు నియమముండవలెను.

మీ ఊరి బడిలోనో వసతిగృహములోనో ఈ బాధ వినవచ్చినచో, ఒక్క పిల్లను వేరుచేయక అందరి తలలను ఒకే దినమున చూడుడని ఉపాధ్యాయులతో పెద్దరికముగా చెప్పుడు. మీ మాటకు గౌరవము కలదు. ఆ గౌరవము ఒక బాలికను అవమానమునుండి కాపాడినచో అంతకన్న సద్వినియోగము లేదు.