మోషన్ అయిందా?

పేగు ఆపరేషన్ అయిన రోగిని డాక్టరు రోజూ అడిగేవి రెండే ప్రశ్నలు: "గ్యాస్ పోయిందా? మోషన్ అయిందా?" అయిందంటే పేగులు మళ్లీ పని అందుకున్నట్టే. ఆ కబురు కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తారు గనక, మొదట్లో పలచగా అయినా ఎవరూ కంగారుపడరు. పేగులో కొంత కోసేశాక కొన్నాళ్లు అలా కావడం మామూలే. ఆ మామూలు చాటునే ఒక్కోసారి ఓ బాక్టీరియా పని కానిస్తుంటుంది.

దాని పేరు క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్, వాడుకలో 'సి. డిఫ్'. 1935లో అమెరికాలో హాల్, ఓటూల్ అనే పరిశోధకులు పసికందుల మలంలో దీన్ని గుర్తించారు. ల్యాబులో పెంచడం కష్టమైంది కాబట్టి పేరులోనే కష్టాన్ని ఇరికించారు. పసిపిల్లలు బాగానే ఉన్నారు కదా అని దాన్ని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. యాంటీబయాటిక్స్ వాడాక వచ్చే తీవ్రమైన పెద్దపేగు వాపుకు దీని విషమే కారణమని 1978లో తేలింది.

పైరు ఒత్తుగా ఉన్న పొలంలో కలుపు తలెత్తదు. మన పెద్దపేగులో కోటానుకోట్ల మేలుచేసే సూక్ష్మజీవులే ఆ పైరు. గాయం చీము పట్టకుండా ఇచ్చే యాంటీబయాటిక్ పైరునూ కొంత చంపుతుంది. ఖాళీ అయిన ఆ నేలలో సి. డిఫ్ మొలిచి, రెండు రకాల విషాలతో పేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. అందుకే ఆపరేషన్‌కు ముందు ఇచ్చే డోసును, వేరే ఇన్ఫెక్షన్ లేకపోతే, ఒక్క రోజుకు మించి పొడిగించవద్దంటారు.

అసలు చిక్కు, ఒక్కోసారి విరేచనాలే కాకపోవడం. ఆపరేషన్ వల్ల పేగులు స్తంభిస్తే మలం లోపలే నిలిచి, కడుపు ఉబ్బి, జ్వరం వస్తుంది. రోగం మాత్రం లోపల ముదురుతూనే ఉంటుంది.

ఇది వార్డులో పాకేది స్పోర్ల రూపంలో. గట్టి పెంకున్న విత్తనాల్లాంటి ఈ స్పోర్లు మంచం కమ్మీలపై, బెడ్‌పాన్లపై నెలల తరబడి బతుకుతాయి. శానిటైజర్‌కు చావవు. సబ్బు కూడా వాటిని చంపదు గానీ, చేతులు బాగా రుద్ది కడిగితే నీళ్లతో పాటు కొట్టుకుపోతాయి. గదిని బ్లీచింగ్ ద్రావణంతో తుడవాలి.

చికిత్సకు వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను సాధారణంగా నోటి ద్వారా ఇస్తారు. నరంలోకి ఎక్కిస్తే పెద్దపేగులోకి తగినంత చేరదు. అయినా తగ్గినవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి తిరగబెడుతుంది, పైరు ఇంకా మొలవలేదు కాబట్టి. అందుకే నెదర్లాండ్స్ వైద్యులు పైరునే నాటి చూశారు. పదేపదే తిరగబెట్టినవాళ్లకు ఆరోగ్యవంతుల మలాన్ని పలచన చేసి, వడకట్టి గొట్టం ద్వారా పేగులోకి పంపితే, 16 మందిలో 15 మందికి నయమైంది. వాంకోమైసిన్ మాత్రమే వాడిన 13 మందిలో కోలుకున్నది నలుగురే. 2013లో ఈ ఫలితాలు వెలువడ్డాయి.

కాబట్టి "మోషన్ అయిందా?" అంటే "అయింది" అని ఊరుకోకండి. ఎన్నిసార్లో కూడా చెప్పండి. రోజుకు మూడుసార్లో అంతకు మించో నీళ్లలా అవుతుంటే, విరేచనాలు కట్టే మాత్ర మీ అంతట మీరు వేయకుండా, ముందు మలం పరీక్ష అవసరమేమో డాక్టరును అడగండి.